మోనిషా బ్యాగులో ఉన్నది

తల వంచుకోని కూర్చుంటే అయిపోతాదా అన్నా? నాకు జవాబు కావల్ల. బిడ్డ చేతికి తుపాకి ఇచ్చే ముందర నన్ను ఒక మాట అడగాలని నీకు తోచలేదా? నేను దాని తల్లిని. దానికి చెప్పులు కొనియ్యాలన్నా, ఏ రంగు కొనాల నళినీ అని నాకు ఫోన్ చేసేవాడివి. దీనికి మాత్రం నేను గుర్తు రాలేదు నీకు.

నీళ్లు వద్దు. టీ వద్దు. ఆ తలుపు రవ్వంత దగ్గరికి వెయ్యి, చాలు.

మీ పనోళ్లంతా తిండికి పోయినారు కదా? వాళ్లు పోయేదాకా ఆ రాళ్ల లారీ చాటున నిలబడుకోని ఉన్నాను. నువ్వు ఈ క్వారీకి సూపర్‌వైజరువి. వాళ్ల ముందర నీ చెల్లెలు వచ్చి నిన్ను తిట్టి పోయిందని అనిపించుకోకూడదు. అందుకే.

ఆ బుట్టని కాలితో తోయొద్దు. దాంట్లోనే ఉండాది. కరేపాకు కింద, తువ్వాలలో చుట్టినాను. అవును, మోనిషా బ్యాగులో నుంచి నేనే తీసినాను.

కోపమొచ్చి రాలేదన్నా నేను. భయమేసి వచ్చినాను. ఇంట్లో చెప్పుకునేదానికి ఎవురుండారు? మా ఇంటాయన లారీ తోలుకోని ఉత్తరాది పక్క పోయినాడు. ఇట్లాంటిది ఫోన్‌లో చెప్తే, ఆమేల ఆయన స్టీరింగు ఎట్ల పట్టుకుంటాడు?

నీకు సగమే తెలుసు. మోనిషా చెప్పింది సగం, నువ్వు ఊహించుకున్నది సగం. మొత్తం విను. విని అప్పుడు చెప్పు, ఇది ఇచ్చి మంచి పని చేసినావో లేదో.

ఆ గోకుల్ ఉండాడే, వాడు కాలేజీలో దాని క్లాసే. కృష్ణగిరిలో మామిడి మండీ పెట్టుకున్నోళ్ల కొడుకు. మొదటి సంవత్సరం అంతా మంచిగానే ఉన్నాడంట. నోట్సు అడిగేది, బస్సు దాకా కూడా నడిచేది. ఒక దినం నువ్వంటే ఇష్టం అన్నాడు. లేదప్పా, నాకు అట్లాంటిది ఏమీ లేదు, అనింది ఇది. మర్యాదగానే చెప్పింది. ఆ మాటతో అయిపోవాల్సింది.

అయిపోలేదు. ఇది ఇంటికొచ్చే వేప్పనపల్లి బస్సు వెనకాలే వాడు బండిలో వచ్చేది. ఇది దిగితే వాడూ దిగేది. ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా ఊపిరి వినిపించేది. నంబరు మార్చినాము. ఆ కొత్త నంబరు కూడా వానికి దొరికింది. యాడ నుంచి దొరికిందో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆమేల ఒక దినం క్యాంటీన్లో ఇది తింటా ఉంటే ఎదురుగా వచ్చి కూర్చున్నాడంట. వాని బ్యాగు జిప్పు రవ్వంత తీసి లోపల చూపించినాడు. కత్తి. "ఇది నీకా, నాకా అని ఇంకా అనుకోలేదు" అన్నాడంట. నవ్వతా చెప్పినాడంట అన్నా. ఆ పొద్దు ఇంటికొచ్చి మోనిషా అన్నం ముందర కూర్చుని, చెయ్యి తట్టలో పెట్టి, అట్లే ఉండిపోయింది. అన్నం ఎండిపోయింది చేతికి.

నేను కాలేజీకి పోలేదా? పోయినాను. ప్రిన్సిపాల్ ముందర చేతులు కట్టుకోని నిలబడినాను.

"బ్యాగులు చూడండి సారూ. ఒక్క తూరి చూడండి" అన్నాను.

"అందరి బ్యాగులూ వెతికితే కాలేజీకి చెడ్డ పేరమ్మా. ఇది అడ్మిషన్ల టైము" అన్నాడు ఆయన.

గోకుల్‌ని పిలిపించి సారీ చెప్పించినాడు. వాడు చెప్పినాడు. నేల చూసుకుంటా, ఎంత బుద్ధిమంతుని మాదిరి చెప్పినాడో. ఒక్క తూరి కూడా తల ఎత్తలేదు. ఆ కత్తి అప్పుడు కూడా వాని భుజం మీద ఉండే బ్యాగులోనే ఉండాదని నాకు తెలుసు, మోనిషాకి తెలుసు. ఆ సారుకు కూడా తెలుసనుకుంటా. లేకుంటే ఆ బ్యాగు దిక్కు చూడకుండా అంత కష్టపడి కిటికీ దిక్కు ఎందుకు చూస్తాడు?

ఆడోళ్ల పోలీస్ స్టేషన్‌కి కూడా పోయినాను. వాళ్లు వాన్నీ, వాళ్ల నాయన్నీ పిలిచి గట్టిగానే చెప్పినారు, నేను కాదనను. కొన్ని దినాలు వాడు కనపడలేదు. ఆమేల దాని ఫోన్‌కి ఒక వార్త పంపినాడు. యాడో ఒక ఊర్లో కాలేజీ పిల్లని క్లాసు వాకిట్లోనే పొడిచేసినారంట, ఆ వార్త. కింద ఒక్క మాట రాయలేదు వాడు. రాయకుంటే కేసు ఎట్ల పెడ్తారు? వార్త పంపితే తప్పా అంటారు.

అప్పుడు అది నీకు ఫోన్ చేసింది. నేను నీళ్లకు పోయిన టైములో, నాకు తెలియకుండా.

నువ్వు ఏం చెప్పినావో నాకు చెప్పిందిలే. "వాన్ని కాల్చే పని లేదు పాపా. ఊరికే చూపిస్తే చాలు, మళ్లా నీ దిక్కు చూడడు." అంతేనా? సరే. చూపించేదానికే అయితే తూటా ఎందుకు పెట్టినావు?

చెప్పు.

నాకు తెలుసన్నా. నీకు అది నీ కడుపున పుట్టినట్లే. ఎత్తుకోని తిరిగినోడివి నువ్వు. ఈడికి వచ్చిపోయే లారీవాళ్లలో ఎవున్నో పట్టుకోని తెప్పించినావు, దొరికితే జైలని తెలిసే తెప్పించినావు. ప్రేమ లేకుంటే ఎవురు చేస్తారు ఇట్లాంటి పని? అదే నాకు ఏడుపొస్తాది. చెడ్డోడు ఎవుడన్నా ఇచ్చుంటే నోరారా తిట్టుకోని పోయేదాన్ని.

ఆమేల ఏమైందో తెలుసా? మోనిషా బాగైపోయింది. అన్నం తినింది. నిద్రపోయింది. తల దువ్వుకునేటప్పుడు పాట పాడుకునింది. నేను వాకిట్లో మిషన్ మీద జాకెట్టు కుడతా ఆ పాట విని, ఆ గోకుల్ మానుకున్నాడు, దేవుడు మన దిక్కు చూసినాడు అనుకున్నాను. దండం కూడా పెట్టుకున్నాను. వాడు మానుకోలేదన్నా. వాడు అట్లే వస్తా ఉన్నాడు. మారింది ఇది.

బ్యాగుని మాత్రం ఎవుర్నీ ముట్టనిచ్చేది కాదు. చెయ్యి కడుక్కునేదానికి పోయినా అది భుజం మీదే. ఒక దినం నేను టిఫిన్ డబ్బా పెట్టబోతే, నేనే పెట్టుకుంటాలేమ్మా అని చేతిలో నుంచి లాక్కునింది. ఎదిగిన ఆడబిడ్డ, దాచుకునేవి ఏవో ఉంటాయిలే అనుకున్నాను నేను.

మొన్న అముద వచ్చింది ఇంటికి. మన ఊరి మారియప్ప కూతురు, నువ్వు చూసినావు కదా, ఒకటో క్లాసు నుంచి మోనిషా పక్కనే కూర్చునే పిల్ల. ఎప్పుడొచ్చినా వీధిలో నుంచే అత్తా అత్తా అని అరుస్తా వస్తాది. ఆ పొద్దు అరవలేదు. మోనిషా ఇంట్లో లేదని చూసుకోని లోపలికి వచ్చింది. వంటింటి గోడకి ఆనుకోని నిలబడింది.

"అత్తా, నేనొకటి చెప్తే మోనిషాని పోలీసులు పట్టుకోని పోతారా?"

పొయ్యి ఆర్పేసి దాని పక్కకి పోయినాను, చెప్పు తల్లీ అన్నాను.

ల్యాబు పక్కన ఒక సందు ఉండాదంట. పట్టపగలు. మోనిషా ఆడ నిలబడుకోని బ్యాగులో ఏదో వెతుక్కుంటా ఉన్నింది. అముద వెనక నుంచి పోయి దాని కళ్లు మూసింది. చిన్నప్పటి నుంచీ ఆడే ఆటే. ఎవురో చెప్పు అంటాది ఒకటి, అముదే అంటాది ఇంకొకటి, ఇద్దరూ నవ్వుకుంటారు. అంతే కదా.

మోనిషా ఒక్క విదిలింపు విదిలించి తిరిగింది. చేతిలో అది ఉండాది. అముద కడుపుకి ఆనించింది. ఆనించి నొక్కింది.

నొక్కిందన్నా. చూపించలేదు. నొక్కింది.

టక్ అనిందంట. పేలలేదు. తూటా చెమ్మ పట్టిందో, చిలుము పట్టిందో. నువ్వు తెచ్చింది మంచి సరుకు అయుంటే, ఈ పొద్దు నేను నీ ముందర కాదు, మారియప్ప వాకిట్లో కూర్చోని ఉందును.

"అది నన్ను చూసింది అత్తా" అనింది అముద. "చూసినాక కూడా, నేనని తెలిసేదానికి రవ్వంత సేపు పట్టింది. ఆ రవ్వంత సేపు దాని మొగం నేను ఎప్పుడూ చూడని మొగం."

ఆ పిల్లకి ఆడే బట్టలు తడిసిపోయినాయంట. నడుముకి చున్నీ కట్టుకోని ఇల్లు చేరింది. జ్వరమని చెప్పి పండుకునింది. కాలేజీకి ఇంక పోనంటా ఉండాది. ఏమంటాదో తెలుసా? "ముందర గోకుల్ ఒక్కన్ని చూసి భయపడితే సరిపోతా ఉన్నింది అత్తా. ఇప్పుడు క్లాసులో ఉండే అన్ని బ్యాగులూ చూడాల. మోనిషాదే అట్లుంటే, ఇంక ఎవురి దాంట్లో ఏముండాదో నాకేం తెలుసు?"

నేను దాని కాళ్లు పట్టుకున్నాను. ఎవురికీ చెప్పొద్దు తల్లీ అన్నాను. నా ఒళ్లో పెరిగిన పిల్ల కాళ్లు. అది వెనక్కి జరిగి గోడకి అంటుకుపోయింది. నన్ను చూసి కూడా భయపడిందన్నా అది.

సాయంత్రం మోనిషా వచ్చింది. బ్యాగు ఇయ్యి అన్నాను. దానికి అర్థమైపోయింది. రొమ్ముకి హత్తుకోని మూలకి పోయింది.

"అముద చెప్పిందా?"

"చెప్పింది."

"కావాలని చెయ్యలేదమ్మా నేను."

"తెలుసు. అందుకే ఇయ్యమంటా ఉండాను."

అప్పుడు అది అడిగిన మాటలు నన్ను ఇంకా వొదల్లేదు. "వాని తావ కత్తి ఉండాదని కాలేజీలో అందరికీ తెలుసు. ఎవురన్నా తీసినారా? నా దాంట్లో ఉంటేనే తప్పా? నువ్వు చెప్పుకుంటే సారు వినలేదు. పోలీసులు వానికి బుద్ధి చెప్పి ఇంటికి పంపించినారు. మామ ఒక్కడే నన్ను నమ్మినాడు. ఇది ఉంటేనే నేను బస్సెక్కగలను. లేకుంటే నన్ను చదువు మాన్పించు, ఇంట్లో కూర్చోబెట్టు. అట్లన్నా బతికుంటాను."

దీనికి నేనేం చెప్పాల? తప్పని నాకు తెలుసు. అది అముద పాపా, అన్నాను. గోకుల్ కాదు, అముద. అంతే చెప్పినాను. ఎన్నిసార్లు చెప్పినానో.

అప్పుడు ఇచ్చింది. ఇచ్చి, "అయితే ఇంక నన్ను నువ్వే కాపాడాల" అనింది. మెల్లగా చెప్పింది. అరిచుంటే బాగుండు.

బియ్యం డబ్బాలో పెట్టినాను దాన్ని. ఆమేల ఆ బియ్యం వండబుద్ధి కాలేదు. పక్కింట్లో అప్పు తెచ్చి వండినాను.

ఏమంటావు? వాడు నిజంగానే కత్తి తీసుంటే అంటావా? నేనూ అదే అనుకున్నాను, నీకంటే ముందర. కానీ వాడు కత్తి తీసేదాకా ఇది ఆగితే, ఇది బ్యాగు జిప్పు తీసేదానికి వాడు టైము ఇస్తాడా? ఇయ్యడు. ఇదే ముందర తియ్యాల. ముందర తియ్యాలంటే ఎప్పుడూ చెయ్యి దాని మీదే ఉండాల. అట్ల ఉన్నింది కాబట్టే కదా అముద కడుపు మీదికి వచ్చింది.

మరి అముదకి కూడా ఒకటి ఇచ్చుంటే? మంచి పిల్లలందరికీ తలా ఒకటి ఇచ్చేస్తే? ఆ సందులో ఇద్దరి చేతుల్లోనూ ఉన్నట్ల ఒక్క తూరి అనుకో. ఇద్దరూ మన బిడ్డలే. అనుకో అన్నా, అనుకోని నాకు చెప్పు.

లెయ్యి. ఇంక కూర్చునేదానికి లేదు. పనోళ్లు వచ్చే లోపల అయిపోవాల. వెనకపక్క రాయి తీసి వొదిలేసిన పాత గుంత ఉండాది కదా, నీళ్లు నిండిండేది, ఆడికి పద.

ఇచ్చినోడికే తిరిగిచ్చేస్తావా? వాడు ఇంకొకరికి అమ్ముతాడు. ఇంకో మామ కొనుక్కోని పోతాడు. ఆడ తూటా బాగుంటాది. వద్దు.

స్టేషన్‌లో ఇచ్చేదా? అదీ అనుకున్నాను. యాడిదమ్మా ఇది అంటారు. నువ్వు లోపలికి పోతావు, మోనిషా పోతాది, అముద నలుగురి ముందర నిలబడి ఆ మధ్యాహ్నం గురించి చెప్పాల. గోకుల్ మాత్రం బండి మీద తిరగతా ఉంటాడు. న్యాయం కాదని తెలుసన్నా. నాకు ఇంతే ధైర్యం ఉండాది.

బుట్ట నువ్వే ఎత్తుకో. నేను ఇంక ముట్టుకోను.

మెల్లగా దిగు, బండ జారతాది. ఈడ చాలు. తూటా తియ్యి ముందర. పెట్టేదానికి చేతనైంది కదా, తీసేదానికి చేతకాదా? నా దిక్కు తిప్పొద్దు. ఊ. దాన్ని ఆ పక్కకి ఎయ్యి, ఇది ఈ పక్కకి ఎయ్యి. తువ్వాలతోనే ఎయ్యి.

పోయిందా?

పోయింది.

కూర్చో అన్నా. ఇంకొకటి చెప్పాల. రూములోనే చెప్పాలని వచ్చినాను. ఆ తుపాకి పక్కన ఉండంగా నోరు రాలేదు.

పొద్దున నీ తావకి వచ్చేదానికి కుందారపల్లిలో దిగినాను. హైవే పక్కన శూలగిరి బస్సు కోసం నిలబడుకోని ఉన్నాను. రోడ్డుకి ఆ పక్క టీ అంగడి ముందర గోకుల్ ఉండాడు. బండి మీద కూర్చోని, పిల్లలు కాలేజీ బస్సు ఎక్కే చోటే చూస్తా ఉండాడు. నిన్నా ఈ పొద్దూ మోనిషా పోలేదు కదా, ఏమైందా అని చూస్తా ఉన్నాడేమో.

నేను రోడ్డు దాటినాను. ఎందుకు దాటినావని అడగొద్దు. ఎట్ల దాటినానో కూడా తెలీదు, ఆ లారీల మధ్యలో. పోయి వాని ముందర నిలబడినాను. నా చెయ్యి బుట్టలో ఉండాది. తువ్వాల ఎప్పుడు విప్పినానో, వేలు యాడ పెట్టినానో నాకే తెలీదు. వేలు దాని మీద ఉన్నింది.

ఇన్ని నెలలుగా నా రొమ్ములో ఉండే ఆ దడ ఆగిపోయిందన్నా. ఒక్క తూరి ఆగిపోయింది. ఎంత హాయిగా ఉన్నిందో చెప్తే నువ్వు నమ్మవు. మోనిషా ఎందుకు అన్నం తినిందో, ఎందుకు నిద్రపోయిందో అప్పుడు తెలిసింది నాకు.

వాడు నన్ను గుర్తు పట్టలేదు. "యాడికి పోవాలమ్మా?" అన్నాడు. శూలగిరికి అన్నాను. నా గొంతు అంత మామూలుగా ఎట్ల వచ్చిందో. "ఆ బస్సు ఈపక్క నిలబడదమ్మా, ఆ పక్కకి పో" అని చెయ్యి చూపించినాడు. మీసం కూడా సరిగ్గా రాలేదు వానికి. చెంప మీద మొటిమ గిల్లుకున్నాడు, రక్తం వచ్చిండాది. నేను దాన్నే చూస్తా ఉన్నాను. చూస్తా ఉన్నానే కానీ, వేలు తియ్యలేదు.

నేనే ఆపుకున్నానని నీకు చెప్పాలని ఉండాది. వాడూ ఒక తల్లి బిడ్డే కదా అని జాలి పడినానని చెప్పాలని ఉండాది. అట్లాంటిది ఏమీ లేదన్నా. బస్సొచ్చింది. రోడ్డుకి ఆ పక్క నుంచి కండక్టరు అరిచినాడు, శూలగిరి, శూలగిరి, వస్తావామ్మా అని. పిలిస్తే పోయేది అలవాటు కదా మనకి. పోయినాను. ఎక్కినాను. టికెట్టు తీసుకోని కూర్చున్నాను.

అంతే జరిగింది. బస్సొచ్చింది. రాకుంటే ఏం చేసుందునో నాకు తెలీదు.

ఏడవద్దులే. నిన్ను తిట్టేదానికి ఇంక నాకు నోరు లేదు.

రేపూ వాడు ఆడే ఉంటాడు. ఆ కత్తి వాని బ్యాగులోనే ఉంటాది. మోనిషా పోతానంటే నేనూ దాని పక్కన కూర్చోని పోతాను. గేటు ముందర కూర్చుంటాను, అది బయటికొచ్చేదాకా. ప్రిన్సిపాల్ పోవాలంటే నన్ను దాటుకోనే పోవాల. అట్లన్నా ఆయన బ్యాగులు చూస్తాడేమో, చూడడేమో. వాడు కత్తి తీస్తే నేనేం చేస్తాను? ఏమీ చెయ్యలేను. అడ్డం పోతాను.

పనోళ్లు వస్తా ఉండారు, మొగం తుడుచుకో. నేను పోతాను. తలుపు గడి వేసుకోమని చెప్పి వచ్చినాను, ఇంట్లో అది ఒక్కతే ఉండాది.